బూడిద, గింజ, తీగబస్సు: వర్ణవివక్ష తరువాతి దక్షిణాఫ్రికా నాటకము



1994 ఏప్రిల్ మాసాంతమున దక్షిణాఫ్రికా దేశమందు తెల్లవారును, నల్లవారును, మిశ్రజాతీయులును, భారతీయ సంతతివారును ఒకే వరుసలో గంటల తరబడి నిలిచి ఓటు వేసిననాడు, 1948 మొదలుకొని రాజ్యధర్మమే యన్నట్లు చెలామణియైన వర్ణవివక్ష చట్టరీత్యా అంతరించినది. అప్పటికి ఆ దేశపు నాటకరంగము పోరాటమున ఆరితేరినదై యున్నది. ఆ రంగస్థలముమీద ప్రతినాయకుడెవ్వడో ప్రేక్షకునికి వేరుగ చెప్పవలసిన అగత్య ముండెడిది కాదు. అతడు పోలీసు వేషమున వచ్చినను, గుమాస్తా వేషమున వచ్చినను, అసలు రంగముమీదికే రాకపోయినను, అతని నీడ ప్రతి దృశ్యముమీదను పడుచునే యుండెడిది. శాసనము తొలగినంతనే ఆ ప్రతినాయకుడు నిష్క్రమించినాడు. అతడు చేసిన గాయములు మాత్రము నిష్క్రమింపలేదు. ఇక నాటకకర్త యేమి వ్రాయవలెను? ఎవ్వరి కెదురుగ నెవ్వరిని నిలుపవలెను?

ఈ ప్రశ్నకు గడచిన ముప్పదియేండ్లలో ఆ దేశపు నాటకకర్తలు చెప్పిన సమాధానము సిద్ధాంతరూపమున లేదు, వస్తురూపమున నున్నది. గుప్పెడు గుమ్మడి గింజలు, ఒక చితాభస్మ కలశము, కొయ్యతో చెక్కిన సాక్షులు, వంటయింటి నేలను చీల్చుకొని లేచిన చెట్టువేళ్లు, తీగలతో చేసిన ఒక పిల్లవాని ఆటబస్సు: ఆ నాటకములలో మన మనస్సునకు పట్టుకొనునవి ఇవి. మన ఆలంకారికులు వ్యంజన యని పేర్కొనిన శక్తి యీ వస్తువులందు నిండుగ నున్నది. పాత్రలు నోటితో చెప్పలేనిదానిని అవి ధ్వనింపజేయును. నా అభిప్రాయ మిది: న్యాయము, క్షమ, సయోధ్య అను పెద్దమాటలను రాజ్యము తన నోట పలుకుచుండగా, ఆ మాటల బరువును ఇట్టి చిన్న వస్తువులమీద మోపి పరీక్షించిన నాటకములే ఆ దేశమున కలకాలము నిలువదగినవి.

మార్పును గ్రహింపవలెనన్న మునుపటి నాటకములలో ఒక్కదానినైనను తలచుకొనక తప్పదు. ఎథోల్ ఫ్యూగార్డు, జాన్ కాని, విన్‌స్టన్ ఎన్‌ట్షోనా అను మువ్వురు కలిసి కల్పించిన ‘సిజ్వే బాన్సీ మరణించెను’ అను నాటకము 1972లో కేప్‌టౌనున మొదటిసారి ఆడినది. పని వెదకికొనుచు పోర్ట్ ఎలిజబెత్తు నగరమునకు వచ్చిన ఒక నల్లజాతి గ్రామీణునికి అచ్చట నివసించు అనుమతి లేదని అతని పాసు పుస్తకమే సాక్ష్యము చెప్పును. ఒకనాటి రాత్రి అతనికిని అతని మిత్రునికిని దారిలో ఒక శవము కనబడును. ఆ మృతుని పాసు పుస్తకమున అనుమతి యున్నది. ఫొటోలు మార్చి, చచ్చినవాని పేరు తాను ధరించి, తన పేరును తానే చంపుకొని, ఆ మనిషి బ్రతుకు సాగించును. ఇందలి ప్రతీక ప్రభుత్వము అచ్చొత్తించి యిచ్చిన కాగితము. దాని అర్థమును నిర్ణయించినదియు ప్రభుత్వమే. అందుచేత ఆ కాలపు నాటకమునందు ప్రతీకకు అర్థము వెదకవలసిన శ్రమ ప్రేక్షకునికి లేదు, ఎందుకనగా ఆ పుస్తకము అతని జేబులోనే యుండెడిది. 1986లో పాసు చట్టములు రద్దయినవి. తరువాతి నాటకమునకు రాజ్యమిచ్చిన ప్రతీక ఏదియు మిగులలేదు. తన ప్రతీకలను తానే ఇంటిలోనుండియు మట్టిలోనుండియు ఏరుకొనవలసి వచ్చినది.

ఇట్టి నాటకములకు ఆటపట్టైన జొహన్నెస్‌బర్గు మార్కెట్ థియేటరు 1976లో, పూర్వము భారతీయుల పండ్ల బజారుగ నుండిన కట్టడములో వెలసినదన్న సంగతి మన శ్రోతలకు ఆసక్తి గొల్పవచ్చును. బార్నీ సైమన్, మానీ మానిమ్ అను ఇరువురు దానిని స్థాపించిరి. జాతులవారీగ ప్రేక్షకులను విడదీయవలెనన్న కాలమున అచ్చట నల్లవారును తెల్లవారును పక్కపక్కన కూర్చుండి నాటకము చూచిరి. అదే రంగశాల స్వాతంత్ర్యానంతరము కొత్త నాటకములకును పుట్టినిల్లయినది.

రానున్న మార్పును ముందుగనే పసిగట్టిన వారిరువురిని ఇచ్చట పేర్కొనవలెను. కథకుడును విమర్శకుడును ఐన న్జబులో ఎన్‌డెబెలె, ఆ దేశపు రచన పీడనము యొక్క బాహ్యవైభవమునే చిత్రించుచు సామాన్య మానవుని అంతరంగమును విస్మరించుచున్నదని 1980ల నడుమనే హెచ్చరించినాడు. ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెసునకు చెందిన న్యాయవేత్త ఆల్బీ శాక్సు 1989లో, సంస్కృతి పోరాటమున ఆయుధమని మనము చెప్పుచుండుట ఇక మానవలెనని తన సహచరులనే కోరినాడు. ఈయన 1988లో మపూటో నగరమున కారులో అమర్చిన బాంబు పేలి కుడిచేయి పోగొట్టుకొనినవాడు. ఆయుధము మాట ఆయన యెత్తినపుడు దానికి కలుగు గౌరవము వేరు. ప్రేమ, అసూయ, సందిగ్ధత మొదలైనవానికి కూడ కళలో చోటు కావలెనని ఆయన వాదము. ఆనాడు పలువురు దానిని ఆక్షేపించిరి. తరువాతి నాటకములు మాత్రము ఆ త్రోవనే నడచినవి.

ఇంతలో రాజ్యమే ఒక మహారంగస్థలమును నిర్మించినది. 1995 నాటి చట్టమునుబట్టి ఏర్పడిన సత్య సయోధ్య కమిషను, ఆర్చిబిషపు డెస్మండ్ టూటూ అధ్యక్షతన, 1996 ఏప్రిల్‌లో ఈస్ట్ లండన్ అను తీరనగరమున తన విచారణలను ప్రారంభించినది. ఇరువదియొక్క వేలమంది బాధితుల వాఙ్మూలములు దానికి చేరినవి. ఏడు వేలకు పైబడిన దోషులు క్షమాభిక్షకై దరఖాస్తు పెట్టుకొనిరి. క్షమాభిక్ష పొందుటకు నిబంధన లేమి? చేసిన పని రాజకీయోద్దేశముతో చేసినదై యుండవలెను. దానిని దాచక పూర్తిగ చెప్పవలెను. పశ్చాత్తాపము అందులో నిబంధన కాదు. ఈ ఒక్క అంశమే ఆ దేశపు అనేక నాటకములకు బీజమని నా తలంపు. హంతకుడు నిర్వికారముగ వివరము చెప్పి ఇంటికి పోవచ్చును; కుమారుని కోల్పోయిన తల్లి ఆ వివరమును వెంటబెట్టుకొని తన ఇంటికి పోవలెను.

కమిషను విచారణలను ఆ దేశపు రేడియో ప్రత్యక్షముగ వినిపించినది. చదువురాని వారును, విద్యుత్తు లేని పల్లెలవారును, బ్యాటరీతో నడచు రేడియోల చుట్టు చేరి వినిరి. ఆనాటికి పదునొకండు అధికారభాషలు గల దేశము. సాక్షి ఖోసాలో చెప్పినదానిని దుబాసీ అప్పటికప్పుడు వేరొక భాషలోనికి మార్చవలెను. సాక్షి ‘నేను’ అన్నచోట దుబాసీయు ‘నేను’ అనియే పలుకవలెను. పగలంతయు పరులు పడిన చిత్రహింసను ఉత్తమపురుషలో పలికి పలికి ఆ యువదుబాసీల మనస్సులు చెదరిపోయినవని ఆనాటివారు చెప్పుదురు. బల్ల, మైకు, గాజుగదిలోని దుబాసీ, ఎదుట కూర్చుండి వినువారు: ఈ నాలుగును కలిసి నాటకకర్తలకు ఒక సిద్ధరంగమును సమకూర్చినవి.

దానిని మొదట సాహసముతో వాడుకొనినది ‘ఉబూ, సత్య కమిషను’ అను 1997 నాటి ప్రదర్శనము. జేన్ టేలరు రచించినది. చిత్రకారుడు విలియమ్ కెంట్రిడ్జి దర్శకుడు. హ్యాండ్‌స్ప్రింగ్ బొమ్మలాట బృందము బొమ్మలను సమకూర్చినది. ఫ్రెంచి రచయిత ఆల్ఫ్రెడ్ జారీ 1896లో సృష్టించిన ఉబూ అను క్రూర విదూషకుని వీరు తెచ్చి వర్ణవివక్ష కాలపు రహస్య హంతకుని చేసిరి. రాత్రులు ఇల్లు విడిచి తిరిగి వచ్చు భర్త పరస్త్రీలోలుడని భార్య శంకించును. అతడు చేసివచ్చినది హత్యయని ఆమెకు తెలియదు. ఇంటికి రాగానే ఉబూ గాజుగదిలో నిలిచి స్నానము చేయును. ఆ గాజుగదియే మరుక్షణమున విచారణశాలలోని దుబాసీ గది యగును. ఒకడు నెత్తురు కడిగికొను చోటుననే మరియొకడు ఆ నెత్తుటి కథను అనువదించుచుండును. ఈ కల్పనకు నేను శిరసు వంచుచున్నాను.

అందు హంతకులను నటులు ధరించిరి. సాక్షులు మాత్రము కొయ్యబొమ్మలు. వారి మాటలు కమిషను ముందు నిజముగ పలికిన వాఙ్మూలములు. నిజమైన తల్లి దుఃఖమును ఒక నటి అభినయించిన యెడల, ప్రేక్షకుడు ఆమె నటనాకౌశలమును మెచ్చుకొనుటకు దిగును. ఆ మెప్పుదల ఆ దుఃఖమునకు అవమానము. బొమ్మ నటింపదు. మన కొయ్యబొమ్మలాటలో ఆడించువాడు తెరచాటున నుండును గదా. ఇచ్చట ఒక్కొక్క బొమ్మకు ఇరువురు మనుష్యులు ప్రక్కనే అందరికిని కనబడుచు నిలిచి, దాని మోచేతిని పట్టుకొని, దాని ముఖమువైపే చూచుచు, విచారణశాలలో సాక్షి ప్రక్కన ఓదార్చుటకు కూర్చుండిన వారివలె తోచుదురు. కాగితములను దిగమ్రింగు మొసలియు కలదు. దాని సంచివంటి కడుపులోనికి సాక్ష్యములన్నియు పోవును. ఒక పెట్టెయే ఒడలుగా మూడు తలలు గల కుక్కయు కలదు. నేరము చేసినది ఒక్క శరీరమే, తీర్పు మాత్రము తలతలకును వేరు. కడపట ఉబూ దంపతులు పడవ యెక్కి చల్లగ సాగిపోవుదురు. హాస్యము పాలు హెచ్చి సాక్షుల మాట అచ్చటచ్చట మరుగున పడినదని నాకు తోచినను, శిక్ష తప్పించుకొనిన వారిని ఇంత నిర్మొగమాటముగ చూపిన నాటకము వేరొకటి నాకు కనబడదు.

యాయెల్ ఫార్బరు రచించిన ‘మొలోరా’ దీనికి పూర్తిగ భిన్నమైన త్రోవ. సెసోతో భాషలో బూడిద అను అర్థముగల యీ నాటకము 2003లో గ్రాహమ్స్‌టౌను కళోత్సవమున మొదట ఆడి, తరువాత ప్రపంచమంతయు తిరిగినది. క్రీస్తునకు పూర్వము 458లో గ్రీకు కవి ఎస్కిలస్ ప్రదర్శించిన నాటకత్రయమే దీనికి మూలము: భర్తను చంపిన క్లైటెమ్నెస్ట్రా, తండ్రి పగ తీర్పగోరు ఎలెక్ట్రా, తల్లిని చంపవలసిన ఒరెస్టెసు. ఫార్బరు తల్లిని తెల్లజాతి స్త్రీగను, పిల్లలను నల్లజాతివారిగను చేసినది. రంగమున ఎదురెదురుగ రెండు బల్లలు, రెండు మైకులు. నడుమ మట్టి పోసిన సమాధి. తల్లియు కూతురును ఆ బల్లలయొద్ద కూర్చుండి వాఙ్మూలము లిత్తురు. ఒక దృశ్యమున తల్లి కూతురి ముఖమున తడి గోనెసంచి బిగించి ఊపిరాడనీయక తాను చేసిన హింసను చేసి చూపును. ఇది కల్పన కాదు. 1997లో ఒక పోలీసు అధికారి, తన చేతిలో హింసపడిన వాడే అడుగగా, కమిషను ఎదుట నేలమీద మోకరించి సరిగ నిట్లే చేసి చూపినాడు. ఆనాడు ప్రపంచము చూచిన ఆ దృశ్యమును ఫార్బరు తల్లీకూతుళ్ల నడుమ పెట్టినది. నేరస్థురాలి గర్భమునుండియే బాధితురాలు పుట్టినట్లు చేసిన యీ మార్పువలన, వీడిపోవుటకు వీలులేని వారి పగ ఎంత భయంకరమో ప్రేక్షకునికి ఒడలు జలదరించునట్లు తెలియును.

గ్రీకు కథలో పగకు అంతము పలుకునది దేవత స్థాపించిన న్యాయస్థానము. ఇచ్చట న్యాయస్థానము లేదు, దేవత లేదు. కంఠమునుండి ఒకేమారు రెండు స్వరములను పలికింపగల ఖోసా గ్రామీణస్త్రీలు, ఎన్‌గ్‌కోకో బృందమువారు, కోరసుగ కూర్చుందురు. ఒరెస్టెసు గొడ్డలి నెత్తియు కొట్టలేకపోవును; ఎలెక్ట్రా దానిని లాగికొని తల్లిమీదికి దుముకగా ఆ స్త్రీలే పట్టుకొని ఆపుదురు. పిమ్మట అందరిమీదను సన్నని బూడిద రాలును. నాకు ఈ ముగింపునందు ఒక శంక కలదు. ఎలెక్ట్రా కోపము ఆగినదా, ఆపబడినదా? వృద్ధస్త్రీల కౌగిలి ఎంత పవిత్రమైనను, ఆ కోపమునకు తగిన సమాధానము ఎవ్వరును చెప్పలేదు. ఫార్బరు కళకు లోటులేదు. కాని ఆమె ఇచ్చట దేశమునకు కావలసిన ముగింపును ఎలెక్ట్రాకు కావలసిన ముగింపుగ భావించినదేమో యని నా అనుమానము.

ఆ శంకకు తావీయని నాటకము జాన్ కాని ఒంటరిగ రచించిన మొదటి నాటకమైన ‘సత్యము తప్ప వేరేమియు కాదు’. ఇది 2002లో మార్కెట్ థియేటరు సహకారముతో వెలువడినది. ప్రధానపాత్రను కానియే ధరించినాడు. సిజ్వే బాన్సీలో నటించి 1975లో న్యూయార్కున టోనీ పురస్కారమును ఎన్‌ట్షోనాతో పంచుకొనిన ఆ కానియే. కథాస్థలము పోర్ట్ ఎలిజబెత్తు నగరపు న్యూ బ్రైటన్, ఒక సామాన్య గృహము, పాత్రలు మూడే. 63 ఏండ్ల సిఫో మకాయా గ్రంథాలయమున సహాయాధికారి. ఏండ్ల తరబడి చాకిరి చేసిన వానికి ప్రధానపదవి, స్వతంత్రదేశములోనైనను, దక్కలేదు. కూతురు థాండో కమిషనులో దుబాసీ. లండనులో ప్రవాసియై, పోరాటవీరుడని పేరుగాంచిన తమ్ముడు థెంబా మరణింపగా, అతని కూతురు మాండీసా తండ్రిని స్వస్థలమునకు తెచ్చును.

శవపేటిక వచ్చునని సిఫో సర్వము సిద్ధము చేసికొనియుండును. వచ్చినది ఒక చిన్న కలశము, అందు బూడిద. పూర్వీకుల చెంత దేహమును పూడ్చి పెట్టుట ఆ కుటుంబపు ఆచారము. దహనమన్న మాట వారు విని సహింపలేరు. ఊరి పెద్దలకు ఏమి చూపుట? సమాధిలో ఏమి దింపుట? ఆ కలశము ఒక బల్లమీద నిలిచియుండగా సిఫో దానివంక చూచు చూపులోనే నాటకమంతయు కలదు. తమ్ముడు బ్రతికియుండగా ఎప్పుడును చేతికి చిక్కలేదు, లెక్క చెప్పలేదు. చచ్చిన పిమ్మటను నిలదీయుటకు ముఖములేని రూపమున వచ్చినాడు. ‘మొలోరా’లోని బూడిద ఆకాశమునుండి అందరిమీదను సమముగ రాలును; జాన్ కాని గీసిన బూడిద ఒక్క మనిషిది, దానితో ఒక్క మనిషికే పని.

నాటకము ముందుకు సాగినకొలది అసలు బాకీ బయటపడును. తమ్ముని చదువునకై అన్న తన చదువును వదలుకొనినాడు. తమ్ముడు తండ్రి ప్రేమను దోచినాడు, తుదకు అన్న యిల్లాలినికూడ దోచినాడు. ఈ దోపిడులన్నిటికిని ముందుగ, సిఫో నోట వెలువడునది చిన్ననాట తనది యైన తీగబస్సును తమ్ముడు తీసికొనిన సంగతి. బయట దేశమంతయు బాంబులను, హత్యలను, చెరసాలలను గూర్చి వాఙ్మూల మిచ్చుచున్న సమయమున, ఒక ముదుసలి తన తీగబస్సును తిరిగి అడుగుచున్నాడు! శకుంతలను దుష్యంతుడు మరచినపుడు ఉంగరము జ్ఞాపకమును తెచ్చినట్లు, ఇచ్చట ఆ బస్సు ఒక జీవితకాలపు అన్యాయమును మరల తెచ్చి నిలుపుచున్నది. ఎంత ధైర్యముగల కల్పన! పోరాటవీరుడన్న పేరు ఇంటిలో చేసిన ద్రోహమును కప్పివేయరాదని, ఊరేగింపులలో వెనుకవరుసన నడచి, పన్నులు కట్టి, పిల్లలను పెంచిన సామాన్యునికిని చరిత్రలో చోటు కావలెనని, జాన్ కాని ఆ తీగబస్సుచేతనే చెప్పించినాడు.

సిఫో కుమారుడు లువూయో కవి. ఒక బాలిక అంత్యక్రియల సందర్భమున పోలీసుల తూటాకు బలియైనాడు. ఇది నాటకకర్త జాన్ కాని స్వానుభవమునకు సన్నిహితము. ఆయన సోదరుడు 1985లో ఇట్లే ఒక బాలిక అంత్యక్రియలలో కవిత చదువుచు పోలీసుల కాల్పులకు మరణించినాడు. సిఫో తన కుమారుని చంపినవానిని క్షమించుటకు సిద్ధముగ లేడు. మొదట వాడు నేరస్థుడుగ శిక్ష అనుభవింపవలెనని అతని పట్టు. థాండోకు కమిషనుమీద విశ్వాసము, విలాయతులో పెరిగిన మాండీసాకు దానిమీద ఆగ్రహము. ఆ ఇద్దరు యువతుల వాదములను వినుచు సిఫో ఇరువురితోను ఏకీభవింపడు. క్షమ ఒకానొక మనిషి ఒకానొక నష్టమును గూర్చి తాను నిర్ణయించుకొనవలసినదే గాని రాజ్యము టోకున పంచిపెట్టునది కాదని ఇంత స్పష్టముగ చూపిన దృశ్యము మరియొకటి లేదు. కడపట అతడు కూడ మెత్తబడును. కాని ఆ మెత్తబాటు తన బాకీని పేరుపేరునను బిగ్గరగ చదివిన తరువాతనే వచ్చును. పిమ్మట అతడు దేశాధ్యక్షునికి లేఖ వ్రాయ నిశ్చయించును: న్యూ బ్రైటన్‌లో నల్లవారికొక పెద్ద గ్రంథాలయము కట్టింపవలెనని.

ఇక మట్టి సంగతి. 1913 నాటి భూచట్టము జనసంఖ్యలో అత్యధికులైన నల్లవారికి దేశభూమిలో సుమారు నూటికి ఏడు పాళ్లు మాత్రమే విడిచినది. 1936లో దానిని పదుమూడు పాళ్ల వరకు పెంచిరి. ఓటు వచ్చినను భూమి రాలేదు. 1995లో ఫ్యూగార్డు రచించిన ‘లోయపాట’ కరూ ఎడారిసీమలోని ఒక చిన్న గ్రామమున నడచును. బూక్సు అను మిశ్రజాతి వృద్ధుడు జీవితమంతయు తనది కాని నేలలో గుమ్మడి పాదులు పెట్టి బ్రతికినాడు. మనుమరాలు వెరోనికాకు పాటలమీద మక్కువ. నగరమునకు పోవలెనని తపన. ఆ నేలను ఒక తెల్ల రచయిత కొనదలచినాడు. ఆ రచయితను, ఆ వృద్ధుని, ఒక్క నటుడే ధరింపవలెనని ఫ్యూగార్డు విధించి, మొదటి ప్రదర్శనమున తానే రెండు పాత్రలను ధరించినాడు. నేల కొనువాడును నేల కోల్పోవువాడును ఒకే దేహమునుండి మాటలాడుట చూచిన ప్రేక్షకునికి, ఎవ్వరి పక్షము వహింపవలెనో తోచదు. గుమ్మడి గింజను ఆ నాటకము ఆశకు గురుతుగ పట్టుకొనినది. నాటువాడు దాని ఫలము తన కండ్లతో చూచునన్న హామీ మాత్రము ఈయలేదు. ‘ఇంటికి రాక’ అను తరువాతి నాటకమున వెరోనికా ఎయిడ్సు సోకి, పాట పోగొట్టుకొని, చిన్న కుమారునితో అదే ఇంటికి వచ్చును. 2025 మార్చిలో కన్నుమూసిన ఆ మహానాటకకర్త తన ఆశను తానే ఇట్లు ప్రశ్నించుకొనుటకు వెనుదీయలేదు.

ఆయనదే ‘రైలు డ్రైవరు’, 2010 నాటిది. బిడ్డతో పట్టాలమీద నిలిచిన ఒక నల్లజాతి స్త్రీని ఆపలేక ఢీకొట్టిన తెల్లజాతి డ్రైవరు, ఆమెను తిట్టుకొనుటకై ఆమె సమాధిని వెదకుచు పేదల శ్మశానమునకు వచ్చును. అచ్చట పేరుగల సమాధి యొక్కటియు లేదు. తవ్విన చోటనే మరల తవ్వకుండుటకు కాపరి ఒక్కొక్క గుంటమీద పనికిరాని ఇనుపముక్కయో మరియొకటియో గురుతుగ పెట్టును. తిట్టవచ్చినవాడు క్రమముగ ఆ అనామకురాలు తనదని చెప్పుకొనుటకు సిద్ధపడి, ఆ నేలమీదనే ప్రాణములు కోల్పోవును. ఫార్బరు 2012లో వెలువరించిన ‘మీస్ జూలీ’ని గూర్చి ఒక్క మాట: స్వీడిష్ రచయిత స్ట్రిండ్‌బర్గు నాటకమును కరూ పొలమునకు తెచ్చి, స్వాతంత్ర్య దినపు రాత్రి, యజమాని కూతురికిని పనివానికిని నడుమ నడిపిన ఆ కథలో, వంటయింటి రాతినేలను ఒక చెట్టు వేళ్లు పెకలించుచుండును. నేలక్రింద పనివాని పూర్వులు నిద్రించుచున్నారు. ఆ ఇల్లు ఎవ్వరిదో తేల్చుటకు ఏ వాదమును అక్కరలేదు.

1860 మొదలు 1911 వరకు ఆ దేశపు నేటాలు చెఱకుతోటలకు కూలి ఒడంబడికమీద పోయిన లక్షన్నరకు పైబడిన భారతీయులలో, మద్రాసు రేవున ఓడ యెక్కిన తెలుగువారును అనేకులు కలరు. వారి సంతతివారికిని వర్ణవివక్ష విధించినది నివాసభ్రంశమే. 1950 నాటి నివాసప్రాంత చట్టము డర్బను చెంత కేటో మేనర్ వంటి కాలనీలను పెకలించి వేసినది. అచ్చట పుట్టిన నాటకకర్త రోనీ గోవెండరు, కూలిపోయిన ఆ వీథులను కథలుగను ఏకపాత్రాభినయముగను నిలిపినాడు. ఆ కథలసంపుటి 1996లో వెలువడినది. గుడియు, అంగడియు, వీథి రౌడీయు, పెరటిలోని పండ్లచెట్టును అందు కనబడును. నల్లవారికిని భారతీయులకును నడుమ 1949లో జరిగిన డర్బను కలహములను గూర్చియు ఆయన నాటకము వ్రాసినాడు. పీడితులిరువురు పరస్పరము చేసికొనిన గాయమును దాచకుండుట ఆయన గొప్పతనము.

2019లో జాన్ కాని ‘కునెనె, రాజు’ అను నాటకమున, లియర్ రాజు పాత్రకు సిద్ధమగుచు మరణమునకు చేరువైన ఒక తెల్ల నటుని, అతనికి పరిచర్య చేయు నల్లజాతి వృద్ధుని ఒక గదిలో కూర్చుండబెట్టి, పాతికయేండ్ల స్వాతంత్ర్యమునకు లెక్క అడిగినాడు. అయితే ఆ లెక్కను అంతకంటె గట్టిగ అడిగినవారు యువకులు. కేప్‌టౌను విశ్వవిద్యాలయ ప్రాంగణమున నిలిచిన, సామ్రాజ్యవాది సెసిల్ రోడ్సు విగ్రహము విద్యార్థుల ఉద్యమమువలన 2015 ఏప్రిల్ 9న తొలగింపబడినది. ఆ ఉద్యమమున పాల్గొనిన నాటకశాఖ పట్టభద్రులు కొందరు కలిసి మరుసటి సంవత్సరము ‘పతనము’ అను నాటకమును కల్పించి తామే ఆడిరి. వర్ణవివక్షను వారు పాఠముగ చదువుకొనినవారే గాని పాసు పుస్తకమును జేబున మోసినవారు కారు. అందు తమలోని తగవులను, ఉద్యమములో స్త్రీల మాటను పురుషులు త్రొక్కివేయుటను కూడ వారు దాచలేదు.

ఆ నాటకమున క్షమ అను మాటకు చోటు స్వల్పము. టూటూ తరము చేసిన ఒడంబడికలో తమ సంతకము లేదని ఆ యువకుల భావము. నాకు అది న్యాయముగనే తోచుచున్నది. 2015 అక్టోబరులో అదే తరము దేశమంతట వీథులకెక్కి విశ్వవిద్యాలయ రుసుముల పెంపును ఆపించినది. న్యూ బ్రైటన్ ముదుసలి గ్రంథాలయము కావలెనని అధ్యక్షునికి వ్రాయదలచి అప్పటికి పదుమూడేండ్లు. అతడు వినయముగ లేఖలో కోరదలచినదానినే అతని మనుమల యీడువారు గొంతెత్తి అడిగిరి. ఆ దేశపు నాటకము ఇప్పుడు ఆ అడుగుచున్నవారి చేతిలో నున్నది.